కుక్కని ఫ్లైట్‌లో తీసుకెళ్లాలా? నెలన్నర ముందు నుంచి దిగేదాకా ఏం చేయాలో మొత్తం రాశా

తెల్లవారుజామున నాలుగుంబావు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చెకిన్ కౌంటర్ ముందు నిలబడి ఉన్నా, కాటా మీద మా కుక్క బుజ్జిగాడు కూర్చున్న బ్యాగు, అంకె చూస్తే 7.3. లిమిట్ 7 కేజీలు. ఇంట్లో మూడుసార్లు తూచా అండి, మూడుసార్లూ 6.8 ఏ వచ్చింది. ఈ అరకేజీ రాత్రికి రాత్రి ఎక్కణ్నుంచి వచ్చిందిరా భగవంతుడా అని జిప్ తీసి చెయ్యి పెట్టి చూస్తే, వాడి కింద నాలుగు మడతలేసి మా అమ్మ బొంత. పాత చీరలతో కుట్టింది. "ఏసీలో వణుకుతాడే, అందుకే పెట్టా" అంది తర్వాత ఫోన్ చేస్తే. బొంత లాగి భుజాన వేసుకుంటే 6.8 కి దిగింది, బొంత హ్యాండ్ బ్యాగులోకి పోయింది, నా బీపీ మాత్రం ఢిల్లీలో దిగేదాకా దిగలేదు.

మా ఆయనకి గుర్గావ్ ట్రాన్స్‌ఫర్ అయితే ఆయన ముందు వెళ్ళిపోయారు, నేనూ వీడూ తర్వాత వెళ్ళాం. వీడు అందరూ పొమేరేనియన్ అనుకునే ఇండియన్ స్పిట్జ్, 5 కేజీల 400 గ్రాములు. ఆ రోజు నేను పడ్డ టెన్షన్‌లో విమానం గాల్లో ఉన్నప్పటిది పావు వంతు కూడా లేదు, మిగతాదంతా కాగితాలూ కాటా. అంటే ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవాల్సినవే. అందుకే ఇది ప్రయాణం రోజు నుంచి కాకుండా నెలన్నర ముందు నుంచి మొదలుపెడుతున్నా.

మొదటి పని: టికెట్ కొనకముందే ఫోన్ చేయండి

చాలామంది చేసే తప్పు ఏంటంటే ఆఫర్లో టికెట్ కొనేసి తర్వాత కుక్క సంగతి అడుగుతారు. అన్ని ఎయిర్‌లైన్స్ పెట్స్‌ని ఎక్కించుకోవు. మన దేశంలో ఎక్కువ ఫ్లైట్లు ఉన్న ఇండిగోలో సర్వీస్ డాగ్‌కి తప్ప పర్మిషన్ లేదు. ఎయిర్ ఇండియా ఎప్పటినుంచో చిన్న కుక్కల్ని, పిల్లుల్ని క్యాబిన్‌లోనే తీసుకెళ్లనిస్తోంది, ఆకాశ 2022 నవంబర్ 1 నుంచి మొదలుపెట్టింది. క్యాబిన్ అంటే మీ కాళ్ళ దగ్గర, ముందు సీటు కింద. దీనికి బరువు లిమిట్ ఉంటుంది, అది కుక్క బరువు ఒక్కటే కాదు, బ్యాగుతో, లోపల వేసిన గుడ్డతో, బొమ్మతో, అమ్మ పెట్టిన బొంతతో కలిపి. ఈ లిమిట్లు ఎయిర్‌లైన్‌ని బట్టి మారతాయి, అదే ఎయిర్‌లైన్‌లో కూడా మధ్యమధ్యలో మారుస్తుంటారు కాబట్టి పోయినేడు ఎవరో చెప్పింది పట్టుకుని వెళ్ళకండి, టికెట్ కొనే రోజు వాళ్ళ సైట్లో ఉన్నదే లెక్క. బ్యాగు పొడవు వెడల్పు ఎత్తు కొలతలు కూడా అక్కడే ఉంటాయి, అవి కాగితం మీద రాసుకుని అప్పుడు బ్యాగు కొనండి.

ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి: ఆ తేదీ ఫ్లైట్లో పెట్‌కి చోటు ఉందా (ఒక్కో ఫ్లైట్‌కి ఒకటో రెండో మాత్రమే తీసుకుంటారు, ముందు అడిగినవాళ్ళకే), చార్జీ ఎంత, ఏ సీటు ఇస్తారు, ఏ కాగితాలు కావాలి, హెల్త్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లోపుది ఉండాలి. కుక్క చార్జీ విడిగానే కట్టాలి, మీకు ఫ్రీగా వచ్చే 15 కేజీల లగేజీలో వాణ్ణి కలపరు. అన్నీ ఫోన్లో చెప్పించుకుని ఊరుకోవద్దు, మెయిల్‌లో కన్ఫర్మేషన్ తెప్పించుకుని ప్రింట్ తీసుకోండి. కాల్ సెంటర్ వాళ్ళు ఓకే అన్నది కౌంటర్‌లో వాళ్ళకి తెలియకపోవడం మామూలే, మెయిల్ చూపిస్తే మాట మారుతుంది.

ఫ్లైట్ డైరెక్ట్‌దే తీసుకోండి. వెయ్యి రూపాయలు మిగులుతాయని బెంగళూరు మీదుగా వెళ్ళకండి, మధ్యలో ఫ్లైట్ మారితే టెన్షన్ డబుల్. టైమ్ సంగతి, ఎండాకాలం అయితే తెల్లవారుజామున లేదా రాత్రి. ఢిల్లీ వైపు డిసెంబర్, జనవరిలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, పొద్దున్నే పొగమంచుకి ఫ్లైట్లు గంటలు గంటలు లేటవుతాయి, అప్పుడు మధ్యాహ్నం ఫ్లైట్ నయం. బ్యాగులో ఉన్న కుక్కతో నాలుగు గంటలు గేటు దగ్గర కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రెండోది: డాక్టర్, చిప్, కాగితాలు

రేబిస్ టీకా వేయించి 30 రోజులు దాటి, ఏడాది లోపు ఉంటే ఎక్కడా పేచీ రాదు. గడువు దగ్గర పడిందనుకోండి, ప్రయాణానికి వారం ముందు హడావుడిగా వేయించడం కాదు, నెలన్నర ముందే వేయించేయండి. మిగతా టీకాలు కూడా బుక్‌లో స్టిక్కర్, తేదీ, సంతకంతో ఉండాలి.

ఫిట్ టు ఫ్లై అంటారు, ఆ హెల్త్ సర్టిఫికెట్ ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు తీసుకోవాలి, ముందే తీసుకుంటే పాతదైపోయిందంటారు. అందులో ఏముండాలంటే: మీ పేరు టికెట్ మీద ఉన్నట్టే, కుక్క పేరు, జాతి, రంగు, వయసు, మగా ఆడా, బరువు, టీకా తేదీ, డాక్టర్ సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబర్. క్లినిక్‌లోనే నిలబడి ఒక్కో లైనూ చదువుకోండి, సిగ్గుపడొద్దు. ఎందుకు చెప్తున్నానంటే నేను చదవలేదు. టీకా బుక్‌లో ఎప్పుడో రాసింది "స్పిట్జ్" అని, సర్టిఫికెట్ రాసినాయన "పొమేరేనియన్" అని రాశారు. మనకి రెండూ ఒకటే, కౌంటర్‌లో అమ్మాయికి అవి రెండు వేర్వేరు కుక్కలు. "మేడమ్, ఈ టీకా ఈ కుక్కదేనా?" అని అడిగింది. తన తప్పు లేదు, కాగితం అలాగే ఉంది. తెల్లారి నాలుగున్నరకి డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎవరెత్తుతారు ఆ టైంకి. సూపర్‌వైజర్ వచ్చాడు. చివరికి గట్టెక్కించింది మైక్రోచిప్. రెండు కాగితాల మీదా అదే 15 అంకెల నంబరు ఉంది, ఆయన వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకుంటూ సరిచూసి, సరే పంపించు అన్నాడు.

కాబట్టి దేశం లోపల తిరగడానికి చిప్ తప్పనిసరి కాకపోయినా వేయించేయండి అంటాను. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక చర్మం కింద ఇంజెక్షన్‌లాగా వేస్తారు. దాంట్లో బ్యాటరీ, జీపీఎస్ ఏమీ ఉండవు, స్కానర్ పెడితే నంబర్ చూపిస్తుంది అంతే. ఆ నంబరు ప్రతి కాగితం మీదా రాయించండి. అన్నీ మూడు సెట్లు జిరాక్స్, ఒరిజినల్స్ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, ఫోటోలు ఫోన్లో.

పగ్, షిజు, బుల్‌డాగ్, బాక్సర్, పిల్లుల్లో పర్షియన్, ఇలా ముక్కు చప్పిడిగా ఉండేవి మీ దగ్గర ఉంటే డాక్టర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాలి. వాటి శ్వాసనాళం నిర్మాణమే ఇరుకు, కుక్కలకి ఒళ్ళు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్ల, ఇవి సరిగ్గా రొప్పలేవు, వేడికీ భయానికీ ఊపిరాడక ప్రాణం మీదకి వస్తుంది. చాలా ఎయిర్‌లైన్స్ వీటిని కార్గోలో అసలు తీసుకోవు. తీసుకుంటామన్నా నేనైతే పంపను, ట్రైన్‌లో ఫస్ట్ ఏసీ కూపే దొరికితే అందులో తీసుకెళ్తా, లేదంటే కారు.

మూడోది: బ్యాగు అలవాటు చేయడం, దీనికి నెల పడుతుంది

ఇది అందరూ తేలిగ్గా తీసుకునే పని, అసలు పని ఇదే. ఆ రోజు వాడు మొత్తం ఆరేడు గంటలు ఆ బ్యాగులో ఉండాలి, ఫ్లైట్ రెండుంబావు గంటలే అయినా. క్యాబిన్‌కి మెత్తటి బ్యాగు మంచిది, మూడు వైపులా జాలీ ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి, కింద తడి బయటికి రాకూడదు, జిప్‌లు లోపల్నుంచి ముక్కుతో తోస్తే తెరుచుకునేవి కాకూడదు. లోపల వాడు లేచి నిలబడి తిరిగి పడుకోగలగాలి. ఖాళీ బ్యాగే ఎంత తూగుతుందో చూసి కొనండి, కొన్ని రెండు కేజీలు ఉంటాయి, మీ లిమిట్లో మూడోవంతు బ్యాగుకే పోతుంది. మాది 1.4.

మొదటి వారం బ్యాగు హాల్లో తెరిచి పడేయండి, వాడి జోలికి వెళ్ళొద్దు. లోపల బిస్కెట్ ముక్కలు వేస్తూ ఉండండి. మావాడు మూడు రోజులు దాని చుట్టూ తిరిగి మొరిగాడు, నాలుగో రోజు సగం లోపల సగం బయట పెట్టి తినేసి పారిపోయాడు, వారం అయ్యేసరికి మధ్యాహ్నం నిద్ర అందులోనే. రెండో వారం నుంచి జిప్ వేయడం, మొదట నిమిషం, తర్వాత ఐదు, తర్వాత అరగంట. మూడో వారం బ్యాగుతో సహా బయటికి, ఆటోలో, కారులో, జనం ఉన్న చోటుకి. నేను కూరగాయల బజారుకి కూడా తీసుకెళ్ళా. నాలుగో వారం శబ్దాలు. విమానం టేకాఫ్ సౌండ్ ఫోన్లో పెట్టి స్పీకర్‌కి కలపడం, అదే టైంకి వంటింట్లో మిక్సీ తిప్పడం, కుక్కర్ విజిల్. పక్కింటివాళ్ళకి ముందే చెప్పుకోండి.

ఏడుస్తున్నప్పుడు జిప్ తీయకండి. ఏడిస్తే తీస్తారు అని ఒక్కసారి తెలిసిందా, ఇక విమానంలో రెండు గంటలూ అదే కచేరీ. ఒక్క క్షణం ఊరుకోగానే తీయండి.

తూకానికి లగేజీ తూచే వేలాడే కాటా కొనుక్కోండి, మూడు నాలుగొందలు. బాత్రూమ్ కాటా మీద మనం ఎక్కి దిగి తీసివేతలు చేస్తే అరకేజీ అటూ ఇటూ వస్తుంది. అరకేజీయే కదా గొడవంతా.

పెద్ద కుక్కలకి: పెట్టె సంగతి

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, ఇలాంటివి క్యాబిన్‌లో కుదరదు, విమానం కింద లగేజీ ఉండే హోల్డ్‌లో వెళ్ళాలి. దీని గురించి లేనిపోని భయాలు ఉన్నాయి, అక్కడ గాలి ఉండదని, గడ్డకట్టుకుపోతారని. జంతువుల్ని పెట్టే హోల్డ్‌లో గాలి ఒత్తిడి పైన మన దగ్గర ఉన్నట్టే ఉంటుంది, వేడి కూడా మెయింటైన్ చేస్తారు, లోపల జంతువు ఉందని పైలట్‌కి కాగితం ఇస్తారు. చీకటీ, శబ్దమూ ఎక్కువ, అది నిజం. అసలు ప్రమాదం గాల్లో కాదు, నేల మీద. విమానం పక్కన రన్‌వే వైపు ఎండలో పెట్టె ఎంతసేపు ఉంటుంది అన్నదే. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆ సిమెంటు నేల మీద మనిషే నిలబడలేడు. అందుకే ఎండాకాలంలో చాలా చోట్ల తీసుకోరు, తీసుకున్నా పగటి ఫ్లైట్ వద్దు.

పెట్టె కొలతకి ఐయాటా (ప్రపంచ ఎయిర్‌లైన్స్ అన్నిటి సంఘం) వాళ్ళ లెక్క ఒకటి ఉంది, ప్రపంచమంతా అదే. కుక్కని నిలబెట్టి టేపుతో కొలవండి. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒకటి, నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా రెండు, భుజాల దగ్గర వెడల్పు మూడు, నేల నుంచి తల పైభాగం లేదా చెవి కొస, ఏది ఎత్తయితే అది, నాలుగు. పెట్టె పొడవు = మొదటిది + రెండోదానిలో సగం. వెడల్పు = మూడోదానికి రెట్టింపు. ఎత్తు = నాలుగోది + లోపల పరిచే గుడ్డ మందం. ఉదాహరణకి ముక్కు నుంచి తోక 90 సెంటీమీటర్లు, మోచేయి 30, భుజాలు 25, ఎత్తు 70 అనుకోండి, పెట్టె 105 పొడవు, 50 వెడల్పు, 70 పైన ఒక నాలుగు ఎత్తు కావాలి. చప్పిడి ముక్కు జాతులకి దీనికన్నా 10 శాతం పెద్దది. షాపువాడు "లాబ్‌కి ఇదే సార్, అందరూ ఇదే తీసుకెళ్తారు" అంటే నమ్మకండి, కొలత కాగితం చూపించండి, పెట్టె చిన్నదైతే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

గట్టి ప్లాస్టిక్ లేదా చెక్కది, పై సగం కింది సగం మెటల్ బోల్టులతో బిగించాలి, ప్లాస్టిక్ క్లిప్పులు పనికిరావు. చక్రాలుంటే తీసేయాలి. నీళ్ళ గిన్నె తలుపుకి లోపలివైపు తగిలించి ఉండాలి, తలుపు తీయకుండా బయట నుంచి నీళ్ళు పోసేలా. ఇక్కడో చిట్కా, రాత్రే గిన్నెలో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించండి, ఎక్కించేటప్పుడు ఒలికిపోదు, దారిలో కరుగుతూ ఉంటే నాక్కుంటాడు. పెట్టె మీద "ప్రాణమున్న జంతువు" లేబుల్, పైకి చూపించే బాణం గుర్తులు, మీ ఫోన్ నంబరు, దిగే చోట నంబరు, కుక్క పేరు పెద్ద అక్షరాలతో. పేరు ఎందుకంటే లోడర్ కుర్రాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు, పిలిస్తే వాడు తోకాడిస్తాడు, ఆ పెట్టెని కొంచెం మెల్లగా దించుతారు. మూతికి మజిల్ కట్టి పంపకండి, రొప్పలేడు. గొలుసు లోపల వదలకండి.

మత్తు మందు వద్దు

ఇది విడిగా రాస్తున్నా, ఎందుకంటే చెప్పినవాళ్ళందరూ చెప్పింది ఇదే: "ఒక మాత్ర వేసేయ్, హాయిగా పడుకుంటాడు." పక్కింటాయన అలర్జీకి వేసుకునే అవిల్ సగం వేయమన్నాడు, ఇంకొకావిడ వాళ్ళమ్మ వేసుకునే నిద్రమాత్ర పేరు చెప్పింది. మత్తులో ఉన్న జంతువుకి ఒంటి వేడి అదుపులో ఉండదు, రక్తపోటు పడిపోతుంది, పైన క్యాబిన్‌లో గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత పల్చగా ఉంటుంది కాబట్టి గుండెకీ ఊపిరికీ భారం ఇంకా పెరుగుతుంది. హోల్డ్‌లో అయితే పెట్టె ఒరిగినప్పుడు కాళ్ళు నిలదొక్కుకోలేడు. పైగా తూలుతూ ఉన్న కుక్కని కౌంటర్‌లో చూస్తే తీసుకోం అనే హక్కు వాళ్ళకుంది. మరీ బెదిరిపోయే కుక్క, వాంతులు చేసుకునే కుక్క అయితే డాక్టర్ రాసింది ఉంటే, అది కూడా ప్రయాణానికి వారం ముందు ఇంట్లో ఒకసారి వేసి ఎలా ఉందో చూశాకే. మనం వేసుకునే పారాసెటమాల్ లాంటివి పొరపాటున కూడా వద్దు, పిల్లులకైతే అది ప్రాణమే తీస్తుంది.

ఆ రోజు

తిండి. ఎక్కడానికి ఐదారు గంటల ముందు చివరి భోజనం, అదీ సగమే. బాగా చిన్న కుక్కపిల్లలైతే అంతసేపు ఖాళీ కడుపు మంచిది కాదు, డాక్టర్‌ని అడగండి. నీళ్ళు ఆపొద్దు, కొంచెం కొంచెం ఇస్తూ ఉండండి. నేను రాత్రి 11కి కొంచెం పెట్టి ఊరుకున్నా. రెండున్నరకి నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో గిన్నె చప్పుడు. "ఏమే, ప్రయాణం చేసే ప్రాణిని ఖాళీ కడుపుతో పంపుతామా" అని పెరుగన్నం కలిపి పెట్టేసింది అమ్మ, వాడు గిన్నె నాకి తళతళలాడించేశాడు. ఫలితం ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో. వివరాలు వద్దులెండి, డ్రైవర్ మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందురోజే కూర్చోబెట్టి చెప్పండి, మాట తీసుకోండి, వీలైతే పెరుగు దాచేయండి.

హ్యాండ్ బ్యాగులో ఏముండాలంటే, పీ ప్యాడ్లు (పోస్తే పీల్చుకునేవి) నాలుగు, తడి టిష్యూలు, చెత్తకి కవర్లు ఓ పది, మడిచే గిన్నె, వాసన తెలిసిన చిన్న గుడ్డ (రుమాలంత, బొంతంత కాదు), నమలడానికి ఏదైనా, ఒక జత బట్టలు మీకు. అవును, మీకే. కాలర్‌కి పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిళ్ళ, ఒంటికి హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ కట్టే పట్టీ.

ఇంటి దగ్గర పెద్ద నడక నడిపించండి, అలిసిపోతే సగం పని అయినట్టే. ఎయిర్‌పోర్ట్‌లోకి వెళ్ళేముందు బయటే పార్కింగ్ పక్కన గడ్డి చూసి మళ్ళీ ఒకసారి తిప్పండి, పోసేదాకా ఓపిక పట్టండి, ఒకసారి లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి రావడం పెద్ద తతంగం. లోపల అర్జెంట్ అయితే వీల్‌చైర్ వాళ్ళకి ఉండే పెద్ద టాయిలెట్‌లో కింద ప్యాడ్ పరిచి ప్రయత్నించండి.

పెట్ ఉన్నప్పుడు మామూలుగా వెబ్ చెకిన్‌తో పని కాదు, కౌంటర్‌కే వెళ్ళాలి. మూడు గంటల ముందు ఉండండి. కాగితాలు, తూకం, డబ్బు కట్టడానికి ఇంకో కౌంటర్, మళ్ళీ వెనక్కి, ఒక ఫారం మీద సంతకం, ఇదంతా నాకు గంటా పది నిమిషాలు పట్టింది. మూడున్నరకి చేరకపోయి ఉంటే ఆ స్పిట్జ్ పొమేరేనియన్ పంచాయతీలోనే ఫ్లైట్ వెళ్ళిపోయేది.

సెక్యూరిటీ దగ్గర అందరూ భయపడేది ఎక్స్‌రే గురించి. ప్రాణిని ఎక్స్‌రే మెషిన్‌లో పెట్టరు, మీరూ పెట్టనివ్వకండి. ఖాళీ బ్యాగు ట్రేలో వెళ్తుంది, వాణ్ణి మీరు ఎత్తుకుని డోర్ లోంచి నడవాలి. ముందే సీఐఎస్ఎఫ్ వాళ్ళకి చెప్పండి, లోపల కుక్క ఉంది, తీస్తున్నా అని. ఈ ఒక్క రెండు నిమిషాలే వాడు బ్యాగు బయట ఉండేది, పారిపోతే ఇక్కడే పారిపోతాడు. పట్టీ ఇనుప కొక్కేలది అయితే మోగుతుంది, తీయమంటారు, అప్పుడు చేతిలో జారిపోయే బొచ్చు తప్ప పట్టుకోడానికి ఏమీ ఉండదు. ప్లాస్టిక్ బకిల్ ఉన్న హార్నెస్ వేసి, వేళ్ళు దాంట్లోకి దూర్చి ఛాతీకి అదిమి పట్టుకోండి. పిల్లి అయితే ఇంకా జాగ్రత్త, హార్నెస్ లేకుండా పిల్లిని బ్యాగు లోంచి తీయనే తీయకండి, పక్కన గదిలో చెక్ చేయమని అడగండి, లేడీస్‌కి కర్టెన్ ఉన్న చోటు ఎలాగూ ఉంటుంది. నన్ను చెక్ చేసిన ఆవిడ "ఇస్కా నామ్ క్యా హై" అని అడిగి బుజ్జి అనడానికి నానా తంటాలు పడింది, వీడు ఆవిడ చెయ్యి నాకాడు. లైన్లో నా వెనకున్నాయన మాత్రం గడియారం చూస్తూనే ఉన్నాడు.

విమానంలో సాధారణంగా చివరి వరసలో కిటికీ పక్కన ఇస్తారు. ఎమర్జెన్సీ డోర్ దగ్గర, మొదటి వరసలో ఇవ్వరు. పక్క సీటాయనకి కూర్చోగానే చెప్పేయండి, కుక్క ఉందండీ, బయటికి తీయను, మీకు అలర్జీ ఉంటే ఇప్పుడే సీటు మార్పిద్దాం అని. తర్వాత తెలిసి గొడవ అయ్యేకన్నా ఇది నయం. టేకాఫ్ అప్పుడు వాడు వణికాడు, బ్యాగు వణుకు నా పాదాలకి తెలుస్తోంది. జిప్ రెండు వేళ్ళు పట్టేంత తీసి లోపల చెయ్యి పెట్టి ఉంచా, ముక్కు నా అరచేతిలో పెట్టుకుని పది నిమిషాలకి గురక. మధ్యలో ముందు సీటు పిల్లాడు వంగి చూసి "కుక్క!" అని అరిచాడు, బుజ్జిగాడు ఒక కన్ను తెరిచి మూసేశాడు. దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి వాళ్ళకీ ఉంటుంది, అప్పుడు నమలడానికి ఇవ్వండి, నమిలి మింగితే చెవులు సర్దుకుంటాయి. ఎంత ముద్దొచ్చినా, ఎంత ఏడ్చినా బ్యాగు లోంచి తీసి ఒళ్ళో పెట్టుకోవద్దు, క్రూ ఒప్పుకోరు, వాళ్ళు ఒకసారి చెప్పారంటే దిగేదాకా మీ మీదే కన్ను.

హోల్డ్‌లో పంపినవాళ్ళు ఎక్కగానే క్రూకి ఒక మాట చెప్పండి, కింద నా కుక్క ఎక్కిందో లేదో కనుక్కోండి అని. అడగడం తప్పేం కాదు. దిగాక బెల్ట్ దగ్గర చూస్తూ కూర్చోకండి, ఆ పెట్టె బెల్ట్ మీద రాదు, పెద్ద సామాన్లు ఇచ్చే చోట మనిషి తెచ్చి చేతికిస్తాడు, దిగగానే స్టాఫ్‌ని పట్టుకుని ఎక్కడో అడగండి.

అమెరికా, యూరప్ వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు

డల్లాస్‌లో ఉన్న మా అక్క "నీదేం ప్రయాణమే, మాది చూడు" అంటుంది, నిజమే, అది వేరే లోకం. వారాలు కాదు నెలల ముందు మొదలుపెట్టాలి. ముందు చిప్, తర్వాతే రేబిస్ టీకా, ఈ వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు, మళ్ళీ వేయించాలి. అమెరికాలో రోగాల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ లిస్టులో మన దేశం రేబిస్ ఎక్కువున్న దేశాల్లో ఉంది, 2024 ఆగస్టు 1 నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం కుక్కకి కనీసం 6 నెలల వయసుండాలి, చిప్ ఉండాలి, సీడీసీ ఫారం నింపాలి, ఇక్కడ టీకా వేయించిన కుక్క అయితే వాళ్ళు గుర్తించిన కేంద్రంలో ముందే బుకింగ్ ఉండాలి. ఆ కేంద్రాలు కొన్ని ఎయిర్‌పోర్ట్‌లలోనే ఉన్నాయి కాబట్టి మీరు దిగే ఊరు కాదు, కుక్క దిగగలిగే ఊరు చూసి టికెట్ కొనాలి. యూరప్‌కి అయితే టీకా తర్వాత 30 రోజులకి రక్తం తీసి వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌కి పంపాలి, రేబిస్‌ని తట్టుకునే యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్లు ఉన్నట్టు రావాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఏ దేశానికైనా బయల్దేరే ముందు ఇక్కడ యానిమల్ క్వారంటైన్ ఆఫీసు సర్టిఫికెట్ కావాలి, హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఢిల్లీ పోనక్కర్లేదు. అపాయింట్‌మెంట్ ముందే చూసుకోండి, వరస సెలవులు చూసుకోండి.

దిగాక

క్యాబ్ ముందే మాట్లాడి పెట్టుకోండి, కుక్క ఉందని ఫోన్లోనే చెప్పండి, లేకపోతే వచ్చాక చూసి క్యాన్సిల్ చేసి పోతాడు, మాకు ఇద్దరు డ్రైవర్లు అలాగే వెళ్ళిపోయారు. టెర్మినల్ బయటికి రాగానే ముందు నీళ్ళు, తర్వాత బెల్ట్ కట్టి నడక. మావాడు దారిలో మొదటి స్తంభం దగ్గరే ఆగి ఎంతసేపు పోశాడంటే మా ఆయన ట్రాలీ పట్టుకుని నిలబడి టైమ్ చూడ్డం మొదలుపెట్టారు.

ఇంటికెళ్ళాక ఒక గది చాలు మొదటి రోజుకి, బ్యాగు తెరిచి మూలన పెట్టేయండి, వాడికి తెలిసిన చోటు అదొక్కటే కదా. తిండి రెండు మూడు గంటల తర్వాత, కొంచెమే. ఒక పూట తినకపోయినా, నీరసంగా పడుకున్నా కంగారు పడొద్దు, కానీ వాంతులు ఆగకపోయినా, పడుకున్నా రొప్పుతూనే ఉన్నా, చిగుళ్ళు తెల్లగానో నీలంగానో కనిపించినా వెంటనే డాక్టర్. అందుకే కొత్త ఊళ్ళో డాక్టర్ నంబర్ బయల్దేరే ముందే ఫోన్లో సేవ్ చేసుకుని ఉండాలి.

మావాడు బొంత పరవగానే దాని మీద నాలుగు చుట్లు తిరిగి పడుకున్నాడు, సాయంత్రం దాకా లేవలేదు. అమ్మ వీడియో కాల్ చేసింది. నన్ను ఎలా ఉన్నావని అడగలేదు, ఫోన్ వాడి వైపు తిప్పమంది. బొంత చూసి "చూశావా, నేను పెట్టబట్టి" అంది, ఇంకా మాట పూర్తవకుండానే "పెరుగన్నం పెట్టావా?" అంది.